లావు తగ్గించే మందుని ఎలుకల్లో టెస్ట్ చేయాలంటే: ఏ ఎలుక, ఏ తిండి, ఎన్ని వారాలు

ఎం.ఫార్మసీ ప్రాజెక్ట్ టాపిక్‌లు పెట్టుకునే టైం వచ్చిందంటే చాలు జూనియర్స్ దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న, అక్కా ఒబేసిటీ మీద చేద్దామనుకుంటున్నా, ర్యాట్స్ (పెద్ద ఎలుకలు) తీసుకోనా మైస్ (చిట్టెలుకలు) తీసుకోనా, హై ఫ్యాట్ డైట్ కొననా ఇక్కడే కలుపుకోనా, 28 రోజులు సరిపోతాదా ఇంకా పొడిగించాలా అని. ఫోన్లో ఒక్కొక్కళ్ళకి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసి పెడతన్నా. నా మాట ముందే చెప్పేస్తా. తిరుపతి, చిత్తూరు తట్టు కాలేజీ యానిమల్ హౌస్‌లో, నోటి ద్వారా ఇచ్చే మందో మొక్క ఎక్స్‌ట్రాక్టో చేతిలో పెట్టుకోని చేసే పని అయితే, వయసొచ్చిన ర్యాట్స్‌ని ముందు 12 వారాలు కొవ్వు తిండి పెట్టి లావు చేసి, ఆ తర్వాత కనీసం 8 వారాలు మందు ఇచ్చే డిజైన్‌కే నా ఓటు. ఎందుకో, ఏ సందర్భంలో ఈ మాట పనికిరాదో వరసగా చెప్తా.

ఎలుక సంగతి తర్వాత, ముందు మీ మందు ఒంట్లో ఏం చేస్తాదని మీరు అనుకుంటున్నారో అది తేల్చుకోండి. ఆకలి తగ్గిస్తాదా, తిన్న కొవ్వు ఒంటికి పట్టకుండా చేస్తాదా, లేదంటే తిన్నదాన్ని ఎక్కువగా ఖర్చు పెట్టిస్తాదా. ఈ మూడిట్లో ఏదనే ఊహ కూడా లేకుండా మోడల్ ఎంచుకుంటే ఆరు నెలల పని వృథా అయ్యే ప్రమాదం ఉంది. లావుకి వాడే ఆర్లిస్టాట్ మందునే తీసుకోండి, అది పేగులో కొవ్వుని అరిగించే లైపేజ్ అనే ఎంజైమ్‌ని ఆపుతాది, మనుషుల్లో 120 మిల్లీగ్రాముల డోసుకి తిన్న కొవ్వులో సుమారు 30 శాతం అరక్కుండా బయటికి పోతాది. ఇదే మందుని మామూలు పెల్లెట్ (ల్యాబ్ ఎలుకలకి పెట్టే రెడీమేడ్ దాణా బిళ్ళ) తినే ఎలుకకి ఇస్తే పెద్ద తేడా ఏమీ కనపడదు, ఎందుకంటే ఆ పెల్లెట్‌లో ఆపడానికి కొవ్వే తక్కువ. మందు పని చేయలేదని రాసేస్తారు, నిజానికి దానికి పని చేసే అవకాశమే మీరు ఇవ్వలేదు.

ఇంక పుట్టుకతోనే లావయ్యే ఎలుకలా, తిండి పెట్టి లావు చేసేవా అనేది మొదటి పోలిక. ఓబీ/ఓబీ మైస్ 1949లో జాక్సన్ ల్యాబ్‌లో బయటపడినాయి, వాటికి ఆకలి తగ్గించే లెప్టిన్ అనే హార్మోనే తయారు కాదు, ఆ లెప్టిన్ జీన్‌ని జెఫ్రీ ఫ్రీడ్‌మన్ టీం 1994లో పట్టుకుంది. డీబీ/డీబీ మైస్‌లోనూ జుకర్ ర్యాట్స్‌లోనూ లెప్టిన్ ఉంటాది గానీ దాన్ని అందుకునే రిసెప్టర్ చెడిపోయి ఉంటాది. మనకి దగ్గర్లో అయితే హైదరాబాద్ ఎన్.ఐ.ఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) ఎలుకల కాలనీలో దానంతటదే పుట్టుకొచ్చిన డబ్ల్యు.ఎన్.ఐ.ఎన్/ఓబీ ర్యాట్స్ ఉన్నాయి, మన దేశం సొంత లావు ఎలుకలు ఇవి, వీటి గురించి మన పిల్లలకి ఇంకా ఎక్కువ తెలియాలని నాకు గట్టిగా ఉంది. ఈ రకం ఎలుకలతో సుఖం ఏమంటే ప్రత్యేకంగా కొవ్వు తిండి పెట్టి నెలల తరబడి కాచుకోని కూర్చోనక్కర్లేదు, అన్నీ ఒకే తీరుగా లావు అవుతాయి, తేడాలు తక్కువ. ఇబ్బంది ఏమంటే మనుషుల్లో లావుగా ఉన్నవాళ్ళలో శానా శానా మందికి లెప్టిన్ లేకపోవడం కాదు సమస్య, లెప్టిన్ దండిగా ఉన్నా మెదడు దాని మాట వినకపోవడం. ఓబీ/ఓబీ ఎలుకకి లెప్టిన్ ఇంజెక్షన్ ఇస్తే ఇట్టే తగ్గిపోయింది, అది చూసి అందరూ ఇంక లావుకి మందు దొరికేసింది అనుకున్నారు, మామూలు లావు మనుషుల్లో అదే లెప్టిన్ అంతంత మాత్రమే. కాబట్టి మీ మందు లెప్టిన్ దారిలో పని చేస్తాదా లేదా అని అడిగే ప్రశ్నకి ఈ ఎలుకలు బంగారం, మామూలు లావుకి పనికొస్తాదా అని అడగాలంటే మాత్రం తిండితో లావు చేసిన ఎలుకే కావాలి.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. ట్రైటాన్ అనే డిటర్జెంట్ రసాయనం ఇంజెక్షన్ ఇచ్చి రెండు రోజుల్లో కొలెస్ట్రాల్ పెంచే మోడల్ చేసి టైటిల్‌లో యాంటీ ఒబేసిటీ అని పెట్టొద్దు, అది రక్తంలో కొవ్వు పెంచే మోడల్, ఆ ఎలుక లావు కాదు. పుట్టిన పిల్లలకి మోనోసోడియం గ్లుటమేట్ ఎక్కించే మోడల్‌లో మెదడులో ఆకలిని చూసుకునే హైపోథాలమస్‌లో ఒక భాగమే దెబ్బతింటాది, లావు వస్తాది నిజమే గానీ మీ మందు పని చేయాల్సిన చోటే కాలిపోయి ఉంటే ఆకలి మందుని అక్కడ ఎట్ల పరీక్షిస్తారు.

ర్యాటా మౌసా అనే దాంట్లో నేను మొదట చూసేది మందు ఎంత ఉందని. 500 గ్రాముల ర్యాట్‌కి కిలోకి 100 మిల్లీగ్రాముల లెక్కన రోజుకి 50 మిల్లీగ్రాములు, 56 రోజులకి 2.8 గ్రాములు, గ్రూపుకి 8 ర్యాట్స్ అంటే 22.4 గ్రాములు, అదీ ఒక్క డోసుకే. అదే 40 గ్రాముల మౌస్ అయితే గ్రూపు మొత్తానికి 1.8 గ్రాములు చాలు. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో కష్టపడి తయారు చేసిన కొత్త మాలిక్యూల్ అయితే ఆలోచించేదే లేదు, మైస్. కేజీల్లో వచ్చే ఎక్స్‌ట్రాక్ట్ అయితే ర్యాట్స్‌కి పోవచ్చు, రక్తం ఎక్కువ వస్తాది, మధ్యమధ్యలో తోక నుంచి తీసినా ఎలుక తట్టుకుంటాది, గావేజ్ (గొట్టంతో మందు నేరుగా కడుపులోకి పోయడం) సులువు, తిన్నది తూకం వేసేటప్పుడు పొరపాటు శాతం తక్కువ. మైస్‌లో సి57బిఎల్/6జె అనే రకంలో మగవి కొవ్వు తిండికి బాగా లావెక్కుతాయి, సాధారణంగా 6 వారాల వయసులో తిండి మొదలు పెడతారు, ఆడవి అంత తొందరగా లావు అవ్వవు. అయితే 6జె, దాని దగ్గరి రకం 6ఎన్ రెండూ ఒకటే అనుకోని ఏది దొరికితే అది కొనకండి, 6జెలో ఎన్.ఎన్.టి అనే జీన్ చెడిపోయి ఉంటాది, ఇన్సులిన్, గ్లూకోజ్ రిజల్ట్‌లు మారిపోతాయి. సగం ఎలుకలు ఒకచోటివి సగం ఇంకోచోటివి అయితే ఇంక చెప్పేదేముంది.

ల్యాబ్‌లలో మామూలుగా వాడే స్ప్రేగ్ డాలీ, విస్టార్ రకాల ర్యాట్స్ విషయంలో ముందే తెలుసుకోవాల్సింది, ఇవి అన్నీ లావు అవ్వవు. బ్యారీ లెవిన్ అనే పరిశోధకుడు ఏళ్ళ తరబడి చూపించింది ఇదే, ఒకే కొవ్వు తిండి పెట్టినా కొన్ని ర్యాట్స్ బాగా లావెక్కుతాయి, కొన్ని సన్నంగానే ఉండిపోతాయి, మన ఇళ్ళల్లో అన్నదమ్ముల్ని చూసినట్టే. అందుకని గ్రూపుకి 8 కావాలంటే మొదట్లోనే ఎక్కువ తెచ్చుకోని, 12 వారాల తర్వాత బరువు పెరిగిన వరసలో పెట్టి, లావెక్కినవాటిని మాత్రం మందు గ్రూపులకి పంచుకోవాలి, సన్నంగా ఉండిపోయినవాటిని పారేయకుండా వేరే గ్రూపుగా చూస్తే అది కూడా సమాచారమే. ఇది ఎథిక్స్ కమిటీకి పెట్టుకునే అనుమతి దరఖాస్తు ఫారం బిలో ముందే వివరంగా రాయాలి, ఎందుకు అన్ని ఎలుకలు అని వాళ్ళు అడగడం న్యాయమే.

తిండి దగ్గరికి వద్దాం, నాకు బాగా పట్టింపు ఉండే విషయం ఇది. మూడు దార్లు. ఒకటి, కంపెనీ వాళ్ళ ప్యూరిఫైడ్ డైట్ (శుద్ధి చేసిన పదార్థాలని పక్కా కొలతల్లో కలిపిన తిండి), డి12492 అని పేపర్లలో కనపడేది అదే, కేలరీల్లో 60 శాతం కొవ్వు నుంచి వస్తాది, గ్రాముకి 5.24 కిలోకేలరీలు, కొవ్వు ఎక్కువ భాగం పంది కొవ్వు. డి12451 అయితే 45 శాతం. రేటు మండిపోతాది, తెప్పించుకోవడానికి నెలలు పడతాది, అయినా ఏ బ్యాచ్ అయినా లోపల ఏముందో మనకి పక్కాగా తెలుసు. దీంతో జత కంట్రోల్ డైట్ కూడా అదే కుటుంబంలోంచి తీసుకోవాలి, డి12492కి చక్కెర కూడా సరిపోయే డి12450జె ఉంది. కొవ్వు గ్రూపుకి ఈ ఖరీదైన డైట్ పెట్టి కంట్రోల్ గ్రూపుకి మామూలు పెల్లెట్ పెడితే తేడా కొవ్వుదో, పీచుదో, సోయాదో ఎవరు చెప్పగలరు. రెండు, ఇక్కడే కలుపుకోవడం. డాల్డా, కొబ్బరి నూనె 3:1లో కలిపి పెల్లెట్ పొడిలో వేసో నోట్లో పోసో లావు చేసే పద్ధతి మన దేశం పేపర్లలో శానా కనపడతాది. చవక, రేపే మొదలు పెట్టొచ్చు. కానీ రెండు సంగతులు చూసుకోండి. మొత్తం తిండిలో ఐదో వంతు నూనె ఉండేట్టు పెల్లెట్ పొడికి కలిపినామంటే అందులో ప్రోటీన్, విటమిన్లు, మినరల్స్ అన్నీ ఐదో వంతు పల్చబడినట్టే, పైగా ఎలుక కేలరీలు చూసుకోని తింటాది కాబట్టి గ్రాముల్లో తక్కువ తింటాది, అంటే ప్రోటీన్ ఇంకా తగ్గుతాది, కాబట్టి కేసీన్ (పాల ప్రోటీన్), విటమిన్ మిక్స్, మినరల్ మిక్స్ పైన కలపాల్సిందే. రెండో సంగతి, పదిహేనేళ్ళ కిందటి పేపర్‌లో రాసిన డాల్డా ఇప్పటి డాల్డా కాదు. 2022 జనవరి నుంచి ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ రూల్ వచ్చింది, కాబట్టి పాత పేపర్ పద్ధతిని అక్షరం పొల్లు పోకుండా చేసినా అదే ఫలితం రావాలని లేదు. మన తట్టు ఫీడ్‌లో శనక్కాయ చెక్క కలపాలని కొందరికి ఆలోచన వస్తాది, దండిగా దొరుకుతాది కాబట్టి, దయచేసి అఫ్లాటాక్సిన్ (బూజు నుంచి వచ్చే విషం) టెస్ట్ చేయించకుండా వాడొద్దు. బూజు పట్టిన చెక్క తింటే లివర్ దెబ్బతిని తిండి తగ్గిపోతాది, బరువూ తగ్గుతాది, మీరు మందు గొప్పతనం అనుకుంటారు.

మూడో దారి కెఫెటీరియా డైట్, స్క్లఫానీ, స్ప్రింగర్ అనే పరిశోధకులు 1976లో చేసి చూపించినాక అందరూ పట్టుకున్నది. బిస్కెట్లు, చిప్స్, కండెన్స్‌డ్ మిల్క్, జున్ను లాంటివి రోజుకి నాలుగు రకాలు మార్చి మార్చి పెట్టడం. మనిషి లావెక్కే తీరుకి ఇదే దగ్గర అని నా అభిప్రాయం, ర్యాట్స్ కూడా దీనికి ఎగబడి తింటాయి, ఇక్కడ అయితే మిక్చర్, మురుకులు, బర్ఫీ, బన్ను పెట్టుకోవచ్చు. కానీ ఏ ఎలుక ఏది ఎంత తినిందో ఒక్కో ఐటం వేరేగా తూకం వెయ్యాలి, బన్ను రాత్రికి ఎండిపోయి బరువు తగ్గుతాది, ఆ తగ్గింది కూడా తిన్నట్టే లెక్కకి వస్తాది కాబట్టి ఎలుక లేని ఖాళీ కేజ్‌లో ఒక బన్ను పెట్టి ఎండుడు లెక్క తీసెయ్యాలి. ఉప్పు, ప్రోటీన్ రోజుకో తీరు. మందు ఆకలి మీద, రుచి మీద ఎట్ల పని చేస్తాదో చూసే చిన్న స్టడీకి ఇది బాగుంటాది, ఆరు నెలల స్టడీకి మాత్రం చేసే మనిషికి ఓపిక ఉంటే తప్ప వద్దనే చెప్తా.

నివారణా, చికిత్సా. మన థీసిస్‌లలో సగానికి పైగా ఇక్కడే తేలిపోతాయి అని నా నమ్మకం. మొదటి రోజే కొవ్వు తిండి, మొదటి రోజే మందు మొదలు పెట్టి చివర్లో మందు గ్రూపు తక్కువ పెరిగిందని చూపిస్తారు. అది లావు రాకుండా ఆపడం, వచ్చిన లావుని తగ్గించడం కాదు. డాక్టర్ దగ్గరికి వచ్చే మనిషి లావు అయినాకే వస్తాడు కదా. పైగా 150 గ్రాముల చిన్న ర్యాట్ ఇంకా ఎదిగే వయసు, విషం లాంటిది ఏదిచ్చినా ఎదుగుదల ఆగి బరువు తక్కువ పెరుగుతాది, దాన్నీ యాంటీ ఒబేసిటీ అనేస్తారు. ముక్కు నుంచి మలద్వారం దాకా పొడవు కొలవండి, పొడవు కూడా తగ్గిందంటే కొవ్వు తగ్గలేదు, ఎలుకే ఎదగలేదు. నివారణ డిజైన్ ఎప్పుడు సరైంది అంటే, చేతిలో రెండు మూడు నెలలే ఉన్నప్పుడు, అదీ టైటిల్‌లో నివారణ అని నిజాయితీగా రాసుకుంటే.

ఎన్ని వారాలు అనేదానికి లావు తగ్గించడానికి తెచ్చిన రిమోనాబంట్ అనే మందు కథ చూడండి. లావు చేసిన మైస్‌కి 5 వారాలు ఇస్తే మొదటి వారం తిండి దాదాపు సగం తగ్గింది, తర్వాత మెల్లగా మళ్ళీ మామూలుకి వచ్చేసింది, బరువు మాత్రం తగ్గినకాడే నిలబడింది. ఒక వారం చూసి ఆపేసి ఉంటే ఇది ఆకలి మందు అని రాసేవాళ్ళు, ఐదు వారాలు చూసినారు కాబట్టి ఆకలి ఒకటే కాదు, ఒంట్లో ఇంకేదో జరుగుతా ఉందని తెలిసింది. చాలా మందులకి మొదటి పది రోజుల బరువు తగ్గుడు అందంగా ఉంటాది, ఆ తర్వాత ఒళ్ళు అలవాటు పడిపోతాది. అందుకే 28 రోజులు నాకు చాలదు. 8 వారాలు కనీసం, కుదిరితే 12, బరువు గీత అడ్డంగా పడుకునేదాకా.

మన ఊరి ఎండ ఇందులో పెద్ద పాత్ర, దీన్ని ఎవరూ రాయరు. మౌస్‌కి హాయిగా ఉండే వేడి సుమారు 30 డిగ్రీలు. ల్యాబ్‌లో 22 డిగ్రీల్లో పెడతాం, మనకి హాయి, దానికి చలి, తిన్నదాంట్లో పెద్ద భాగం ఒళ్ళు వెచ్చగా పెట్టుకోడానికే ఖర్చు చేస్తాది. ఒంట్లో వేడి పుట్టించే యు.సి.పి.1 అనే ప్రోటీన్ లేని మైస్ మామూలు ల్యాబ్ చల్లదనంలో లావు కాలేదు, 30 దగ్గర పెడితే అయినాయి, 2009లో వచ్చిన పని ఇది. అంటే కేలరీల ఖర్చు పెంచే మందు మీదైతే ఏసీ ఎంతలో ఉందనేదే మీ రిజల్ట్‌ని మార్చేస్తాది, వీలైతే రెండు వేడిల్లోనూ చేయాలి. ర్యాట్ ఒళ్ళు పెద్దది కాబట్టి చలి బాధ తక్కువ, ర్యాట్‌కి నేను ఓటెయ్యడానికి ఇది కూడా ఒక కారణం. మే నెలలో తిరుపతిలో బయట 40 దాటి ఉన్నప్పుడు కరెంటు పోయి జెనరేటర్ అందుకోకపోతే గంటలో గది ఉడికిపోతాది, ఎలుకలు తిండి మానేసి కేజ్ మూలల్లో చాపుకోని పడుకుంటాయి, ఆ వారం గ్రాఫ్‌లో అన్ని గ్రూపులూ ఒక్కసారి కిందికి దిగుతాయి. ఇంకోటి, 60 శాతం కొవ్వు డైట్ గట్టి పెల్లెట్ కాదు, వెన్నముద్ద లాగా మెత్తగా ఉంటాది, గది వేడెక్కిందంటే హాపర్ (కేజ్ మీద తిండి పెట్టే బుట్ట) కమ్మీల మధ్యలోంచి జారి కింద పడతాది, ఎలుకల బొచ్చంతా జిడ్డు, నాకి నాకి వంటి మీద జుట్టు ముళ్ళలాగా నిలబడి ఉంటాది. మిగిలింది ముక్కిపోయిన వాసన వస్తాది. ఫ్రీజర్‌లో దాచుకోని రెండు మూడు రోజులకొకసారి మార్చాల్సిందే. వారం అలవాటు, 12 వారాలు లావు చేయడం, 8 వారాలు మందు, 4 వారాలు ఆపి చూడడం, మొత్తం 25 వారాలు. ఆగస్టు నడిమికి మొదలు పెడితే ఫిబ్రవరి మొదట్లో అయిపోతాది, ఎండాకాలం తగలదు. మధ్యలో అక్టోబర్, నవంబర్ వానలకి ఫీడ్ రూంలో తేమ ఒకటి చూసుకోవాలి.

తిండి తూకం. మౌస్ రోజుకి ఈ కొవ్వు డైట్ 3 గ్రాముల లోపే తింటాది, అందులో 0.3 గ్రాములు పొడి చేసి పరుపులో కలిపేసిందంటే పదో వంతు తప్పు అక్కడే వచ్చేసింది, చాలా మందుల అసలు ప్రభావమే అంతుంటాది. కొన్ని మైస్ ఆకలి లేకపోయినా గంటల తరబడి పెల్లెట్‌ని గీకతానే ఉంటాయి. జల్లెడ మెష్ కింద కాగితం పరిచి, పొద్దున్నే ఆ నలుసులు ఏరి, తడి, రెట్టలు వేరు చేసి తూకం వేసే ఓపిక ఉంటేనే మైస్ స్టడీ పెట్టుకోండి. ర్యాట్ మామూలు పెల్లెట్ రోజుకి 15 నుంచి 20 గ్రాములు తింటాది కాబట్టి అక్కడ అదే 0.3 పెద్ద లెక్క కాదు. కేజ్‌కి నాలుగు ఎలుకలు పెట్టి నాలుగుతో భాగించి సగటు రాసేవాళ్ళు గుర్తు పెట్టుకోండి, తిండి విషయంలో అప్పుడు మీ శాంపిల్ నంబర్ కేజ్‌లది, ఎలుకలది కాదు. 8 ఎలుకలు అంటే 2 కేజ్‌లు, 2 నంబర్‌తో స్టాటిస్టిక్స్ ఏముంది. విడివిడిగా పెడితే తూకం బాగుంటాది, ఒంటరితనం, చలి వాటికి ఎక్కువ అవుతాది. జంటగా పెట్టి కేజ్‌ల సంఖ్య పెంచడం నాకు నచ్చిన మధ్య దారి.

మందు తిండిలో కలపాలా గావేజ్ చేయాలా అంటే, ఎక్స్‌ట్రాక్ట్ అయితే కచ్చితంగా గావేజే. శేషాచలం మొక్కలు, బెరడు, ఆకు ఏదైనా సగం చేదు, వగరు. తిండిలో కలిపితే ఎలుక చేదుకి తినడం మానేస్తాది, బరువు తగ్గుతాది, రిజల్ట్ చూస్తే అద్భుతం. తిండిలోనే కలపక తప్పదు అంటే అంతే చేదుండే క్వినైన్ కలిపిన ఇంకో గ్రూపు పెట్టండి. గావేజ్‌కి వేరే చిక్కు, మొదటి నాలుగైదు రోజులు గొంతులో సూది గొట్టం భయానికే ఎలుకలు తిండి తగ్గిస్తాయి, అందుకని అసలు మందు మొదలు పెట్టే ముందు వారం పాటు అన్నిటికీ ఉత్త వెహికల్ (మందు కలపని ద్రవం) ఇచ్చి అలవాటు చేయండి, బరువు నిలకడగా వచ్చినాకే గ్రూపులుగా పంచండి. టైం కూడా చూసుకోవాలి. ఎలుక రాత్రి జీవి, రోజు తిండిలో ఎక్కువ భాగం చీకట్లోనే తింటాది, మనం పొద్దున 10కి వచ్చి డోస్ ఇచ్చి 5కి ఇంటికి పోతాం. నాలుగు గంటలు పని చేసే ఆకలి మందు అయితే ఎలుక నిద్రపోయే టైంలో పని చేసి అయిపోయి ఉంటాది. లైట్లు ఆరే ముందు డోస్ ఇవ్వండి, లేదా టైమర్ పెట్టి చీకటి పగలు తిప్పేసుకోండి, ఎర్ర లైట్ కింద పని చేయొచ్చు.

తిండి తగ్గిందంటే ఆకలి తగ్గినట్టేనా? కడుపులో తిప్పితే కూడా తిండి తగ్గుతాది. ర్యాట్, మౌస్ రెండూ వాంతి చేసుకోలేవు. కానీ ర్యాట్‌కి వికారంగా ఉంటే మట్టి లాంటి కేఓలిన్ తింటాది, పక్కన ఒక గిన్నెలో కేఓలిన్ పెట్టి తూకం వెయ్యడమే, ఇంతకంటే చవకైన పరీక్ష లేదు, మైస్‌లో ఇది అంత నమ్మకంగా రాదు. బరువు తగ్గడానికి ఇప్పుడు అందరూ మాట్లాడుకునే సెమాగ్లూటైడ్ తరగతి మందులకి కూడా కేఓలిన్ తినడం పెరుగుతాది, కాబట్టి పెరిగిందని మందు పనికిరాదని కాదు, ఎంత బరువుకి ఎంత వికారం అనేది తెలుస్తాది.

పెయిర్ ఫెడ్ గ్రూపు లేకుండా చేయొద్దు. మందు తిన్న ఎలుక నిన్న ఎంత తినిందో అంతే, మందు లేని ఇంకో ఎలుకకి ఈ రోజు పెట్టడం. రెండూ ఒకే లెక్కన తగ్గితే మీ మందు చేసిందల్లా తిండి తగ్గించడమే. మందు ఎలుక ఇంకా ఎక్కువ తగ్గితే ఖర్చు పెరగడమో, అరుగుదల తగ్గడమో ఉంది, అప్పుడు రెట్టలు ఏరి కొవ్వు కొలవండి. ఒక జాగ్రత్త, తక్కువ తిండి పెట్టిన ఎలుక గంటలో అంతా తినేసి మిగతా రోజంతా పస్తు ఉంటాది, దాని రక్తంలో షుగర్, కీటోన్స్ వేరేగా ఉంటాయి, కాబట్టి రెండు మూడు సార్లుగా పంచి పెట్టండి. బరువు ఒక్కటే నమ్మొద్దు, చివర్లో ఎపిడిడైమల్ (వృషణాల దగ్గర), రెట్రోపెరిటోనియల్ (కడుపు వెనక), మెసెంటెరిక్ (పేగుల చుట్టూ), ఇంగ్వైనల్ (గజ్జల దగ్గర) ఫ్యాట్ ప్యాడ్‌లు, అంటే కొవ్వు ముద్దలు అన్నీ తీసి తూకం వెయ్యండి, కండ కరిగి బరువు తగ్గితే అది తగ్గడం కాదు. కొలెస్ట్రాల్ నంబర్లు మనుషులకి అతికించొద్దు, ర్యాట్, మౌస్‌లకి హెచ్.డి.ఎల్ (మంచి కొలెస్ట్రాల్) నుంచి కొలెస్ట్రాల్‌ని వేరే కణాల్లోకి మార్చే సి.ఈ.టి.పి అనే ప్రోటీన్ ఉండదు, వాటి కొలెస్ట్రాల్ ఎక్కువగా హెచ్.డి.ఎల్‌లోనే తిరుగుతా ఉంటాది, లిపిడ్లే ముఖ్యం అయితే హ్యామ్‌స్టర్ మేలు.

పోలికకి పెట్టుకునే స్టాండర్డ్ మందు, మీ మందు పని చేసే దారికి దగ్గరది కావాలి. అరుగుదల ఆపేదైతే ఆర్లిస్టాట్, తిండిలో కలపొచ్చు. ఆకలిదైతే సెమాగ్లూటైడ్ తరగతిదే అయిన లిరాగ్లూటైడ్ ఇంజెక్షన్, మనిషిలో రోజుకి ఒకటి చాలు గానీ ర్యాట్‌లో తొందరగా వెళ్ళిపోతాది, రోజుకి రెండుసార్లు ఇస్తారు. స్టాండర్డ్‌కి సూది, మీ మందుకి గావేజ్ అయినప్పుడు అన్ని గ్రూపులకీ ఉత్త సూది, ఉత్త గావేజ్ రెండూ పడాలి. సిబుట్రమిన్ అనే పాత ఆకలి మందుని పాత పేపర్లు చూసి ఇంకా పెడతా ఉంటారు, గుండె సమస్యల వల్ల అది 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి పోయింది, పాత డేటాతో పోల్చుకోడానికి తప్ప ఈ రోజు దాన్ని గెలిచినామని చెప్పుకోడంలో అర్థం లేదు.

ఈ లాంగ్ స్టడీలు కేవలం బరువు కోసం కాదు. లోర్కసెరిన్ అనే ఆకలి మందుకి రెండేళ్ళ ర్యాట్ స్టడీలో రొమ్ము గడ్డలు కనపడినాయి, 2010లో అమెరికాలో అడ్డం పడింది, 2012లో అనుమతి వచ్చింది, 2020లో క్యాన్సర్ అనుమానంతోనే వెనక్కి తీసుకున్నారు. లిరాగ్లూటైడ్‌కి ఎలుకల్లో థైరాయిడ్ సి సెల్ గడ్డలు వచ్చినాయి, అందుకే ఈ రోజుకీ దాని లేబుల్ మీద హెచ్చరిక ఉంటాది. రిమోనాబంట్ మటుకు యూరప్‌లో 2006లో వచ్చి డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనల వల్ల 2008లో పోయింది, బరువు గ్రాఫ్ ఎంత చూసినా ఆ సంగతి కనపడదు, అందుకే మెదడు మీద పని చేసే మందు అయితే బిహేవియర్ టెస్టులు కూడా పెట్టుకోవాలి. మొక్కది కదా ఏమీ కాదు అనుకోవద్దు, బరువు తగ్గడానికి అమ్మే గార్సీనియా క్యాంబోజియా అనే మొక్క సారం పెద్ద డోసులో జుకర్ ర్యాట్స్‌కి కొవ్వు తగ్గించింది, వృషణాలు పాడు చేసింది, మనుషుల్లో 1998లో 12 వారాలు చూస్తే ఉత్త మాత్రకీ దానికీ తేడా రాలేదు. వృషణాలు, లివర్, కిడ్నీ హిస్టాలజీకి (ముక్కలు కోసి మైక్రోస్కోప్ కింద చూడడానికి) డబ్బులు ముందే పక్కన పెట్టుకోండి. డోస్ కూడా మనిషి లెక్కలోకి మార్చి చూడండి, ర్యాట్ డోస్‌ని 6.2తో, మౌస్ డోస్‌ని 12.3తో భాగించాలి. ర్యాట్‌కి కిలోకి 1000 మిల్లీగ్రాములు ఇచ్చి బాగా పని చేసిందంటే 70 కిలోల మనిషి రోజుకి 11 గ్రాముల పైనే మింగాలి.

చివరి ఎంపిక, 8 వారాలు అయినాక అన్నిటినీ శాక్రిఫైస్ చేసేయాలా (అంటే చంపి అవయవాలు తీసి చూడాలా), కొన్నిటికి మందు ఆపి ఇంకో 4 వారాలు అదే కొవ్వు తిండి పెట్టి చూడాలా అనేది. నేను రెండోదే అంటా. సెమాగ్లూటైడ్ వాడి ఆపేసిన మనుషుల్లో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలో తిరిగొచ్చేసింది, కాబట్టి ఇప్పుడు ఏ కొత్త మందుకైనా ఆపినాక ఏమవతాది అనే ప్రశ్న తప్పదు. ఆపిన మొదటి వారం తిండి రోజూ తూకం వెయ్యండి, అసలు తిరుగుడు అక్కడే కనపడతాది, తర్వాత వారానికి రెండుసార్లు చాలు. దీనికి మందు గ్రూపుకీ వెహికల్ గ్రూపుకీ చెరో 6 ఎలుకలు అదనంగా కావాలి, ఫారం బి రాసేటప్పుడే ఆ 12 కలిపి అడగండి, మధ్యలో సంఖ్య పెంచాలంటే మళ్ళీ కమిటీ మీటింగ్ దాకా ఆగాల్సిందే, అప్పటికి మీ 8 వారాలు దాటిపోతాయి.